క్రీడాధర్మము, రాజధర్మము

ఆటకు పిలిచినవానిని కాదనరాదన్నది మనలో చాల పాత మాట. ధర్మరాజు హస్తినాపురమునకు పోయినది ఆ మాటకు కట్టుబడియే. పిలిపించినవాడు దుర్యోధనుడని ఆయనకు తెలియును. పాచికలు వేయబోవువాడు శకుని యని తెలియును. పిలుపును మోసికొని వచ్చిన విదురుడే ఆ జూదము కీడని చెప్పెను. అయినను పిలుపును త్రోసిపుచ్చుట క్షత్రియధర్మము కాదని ఆయన బయలుదేరెను. ఆ సభలో రాజ్యము పోయినది ధర్మరాజునకు. అవమానము కలిగినది ద్రౌపదికి. ఆమె ఆటలో లేదు. ఆడుమని గాని, మానుమని గాని ఆమెను ఎవరును అడుగలేదు. ఆమె వేసిన ప్రశ్నకు భీష్ముడంతటివాడును సమాధానము చెప్పలేక ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. అన్యాయము చేయు రాజు ఆటకు పిలిచినప్పుడు పోవచ్చునా, పోరాదా అను విచారణకు మనకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము లేదు.

ఈ విచారణ పురాణకాలముతో ముగిసినది కాదు. నేడు మిర్యాలగూడలో రైసుమిల్లు కూలీ మొదలు కళాశాల విద్యార్థి వరకు, ప్రపంచమున ఏ మూల జరుగు క్రికెట్ పోటీనైనను ఇంట కూర్చుండియో, చేతిలోని ఫోనులోనో చూచుచున్నారు. ఆడువారెవరో మనకు తెలియును. వారి పరుగుల లెక్కయు తెలియును. వారి వెనుకనున్న ప్రభుత్వము తన ప్రజలను ఏమి చేయుచున్నదో మాత్రము సాధారణముగా అడుగము. అడిగినవానికి 'ఆటలో రాజకీయములేల?' అను జవాబు సిద్ధముగా నుండును. ఆ జవాబు ఎంతవరకు నిలుచునో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. మన జిల్లా చరిత్రనుండియే మొదలుపెట్టవచ్చును.

1930లో రెండు సంగతులు జరిగినవి. ఆ యేడు జోగిపేటలో నిజామాంధ్ర మహాసభ మొదటి సమావేశము సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. మరుసటి సంవత్సరము మన నల్లగొండ జిల్లాలోని దేవరకొండలో బూర్గుల రామకృష్ణరావుగారి అధ్యక్షతన రెండవ సమావేశము కూడినది. సరిగా ఆ 1930-31లోనే హైదరాబాదున మొయినుద్దౌలా బంగారు కప్పు క్రికెట్ పోటీలు పేరుకెక్కినవి. విజయనగరము మహారాజకుమారుడు ఆ కాలముననే హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లీషు దిగ్గజములను పిలిపించి తన జట్టులో ఆడించెను. 1934లో ట్రినిడాడ్‌కు చెందిన లియరీ కాన్‌స్టంటైన్ అను నల్లజాతి వీరుడు ఆయన పిలుపుపైననే మన దేశమునకు వచ్చి, ఈ బంగారు కప్పు పోటీలలో ఆడెను. జింఖానా మైదానమున విందులు, బాజాలు, బిరుదుల నవాబులు. వందమైళ్ళ లోపుననే సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలలో వెట్టిచాకిరి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన వృత్తులవారు దొర గడీకి కూలి లేక పనిచేయవలసియుండెను. సూర్యాపేట తాలూకాలో ఒక్క దేశముఖు చేతిలో లక్ష ఎకరములకు మించిన భూమి యుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసిరి. మైదానమునకును, గడీకిని నడుమ గోడయేదియు లేదు. రెంటికిని ఒకే ప్రభువు.

ఇంకొక జంటను చూడుడు. 1937-38లో హైదరాబాదు జట్టు నవానగరును ఒకే ఒక వికెట్టుతో ఓడించి రంజీ కప్పును గెలిచినది. 1938లో నిజాం ప్రభుత్వము హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును, అది సరిగా పుట్టకమునుపే, నిషేధించినది. ఆ యేడాది చివరనే వందేమాతరము పాడిన నేరమునకు ఉస్మానియా విద్యార్థులు వసతిగృహములనుండి, తరగతులనుండి వెళ్ళగొట్టబడిరి. ఒకే ప్రభుత్వము, ఒకే కాలము. బొంబాయి, మద్రాసు జట్లు హైదరాబాదుతో ఆడుట మానలేదు. మానవలెనని వారిని ఎవరును కోరినట్లును లేదు.

మరి మానవలసియుండెనా? కాన్‌స్టంటైన్ ఆ యేడు రానని చెప్పినచో మన తాలూకాలలో ఒక్క గడప వెట్టినుండి విముక్తి పొందెడిదా? నిజాయితీగా చెప్పవలెనన్న, పొందెడిది కాదు. క్రికెట్ నిజాము పాలనకు ఆభరణమే గాని ప్రాణము కాదు. ఆభరణము తీసివేసినంత మాత్రమున పాలన కూలదు. మరియు మన పల్లెప్రజలు ఆ బంగారు కప్పు పేరైనను వినియుండలేదు. దానిని మానిపింపుమని వారు బయటి ప్రపంచమును అడిగియుండలేదు. వారు అడిగినది వేరు. తమ గోడు బయటివారికి వినబడవలెననిరి; వెట్టి పోవలెననిరి; భూమి కావలెననిరి. కనుక కాన్‌స్టంటైన్‌ను తప్పుపట్టుట న్యాయము కాదు. తెలియనివానికి బాధ్యత లేదు. కాని తెలిసినవానికి కలదు. ఈ భేదమును మరువరాదు.

తెలిసినవాడు ఏమి చేయవలెనో గాంధీజీ 1940 డిసెంబరులో చెప్పిరి. నాయకులు చెరసాలలలో నుండగా బొంబాయిలో మతముల వారీగా జరుగు పెంటాంగులర్ క్రికెట్ తగునా యని హిందూ జింఖానావారు వార్ధాకు పోయి అడిగినప్పుడు, తగదని ఆయన అభిప్రాయపడిరి. ఆ యేడు హిందూ జట్టు పోటీనుండి తప్పుకొన్నది. అప్పుడును 'ఆటకును, రాజకీయమునకును ఏమి సంబంధము?' అని కోపించినవారు చాలమంది. పోటీలు మరల సాగి 1946లో శాశ్వతముగా ఆగిపోయినవి. గాంధీజీ దృష్టిలో దోషము క్రికెట్‌లో లేదు. ఆ పోటీ కట్టుబాటులో నున్నది. దేశమును మతములుగా చీల్చి ఆడించు ఆట తానుగానే ఒక రాజకీయము. దీనిని వ్యతిరేకించువాడు ఆటలోనికి రాజకీయమును తెచ్చినవాడు కాడు; అంతకుముందే తెచ్చిపెట్టిన రాజకీయమును చూపినవాడు.

బహిష్కారము మన పల్లెలకు క్రొత్తది కాదు. దానికి మన మాట 'వెలి'. ఇంగ్లీషువారు దీనికి వాడు 'బాయ్‌కాట్' అను మాట 1880లో ఐర్లండున పుట్టినది. మేయో ప్రాంతములో ఒక ప్రభువు భూములకు ఏజెంటుగా నున్న కెప్టెన్ బాయ్‌కాట్‌కు రైతులు పనిచేయుట మాని, అంగడిలో సరుకమ్ముట మాని, పలుకరించుటయు మానిరి. అతని పేరే ఆ ఆయుధమునకు పేరైనది. తెలంగాణమున సంఘములు గడీల వెట్టిని ఆపించినప్పుడు జరిగినదియు ఇదియే. కాని ఇదే ఆయుధము బలవంతుని చేతిలో పడిన ఎట్లుండునో కూడ మనకు తెలియును. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో అగ్రవర్ణములవారు దళితులను పనులకు పిలువక వెలివేసిరి. ఆగస్టు 6న అక్కడ రక్తము ప్రవహించినది. కనుక వెలి మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు అర్థము లేదు. ఎవరు ఎవరిని వెలివేయుచున్నారు, ఎందుకు, ఎంతకాలము అనునదే ప్రశ్న. పీడితుడు పీడకునిపై వేసిన వెలి వేరు. పీడకుడు పీడితునిపై వేసిన వెలి వేరు.

ఈ ఆయుధమును ఆటల ప్రపంచమున సంపూర్ణముగా ప్రయోగించినది ఒక్క దక్షిణాఫ్రికాపైననే. ఆ కథలో తెలుగువారి పాలు మనలో చాలమందికి తెలియదు.

1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలతో డర్బన్ రేవు చేరినది. నాటినుండి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాల్‌కు తరలిన భారతీయులు ఒక లక్షా యాబదిరెండువేల పైచిలుకు. అందు మద్రాసు రేవునుండి పోయినవారే ఎక్కువ. వారిలో విశాఖ, గోదావరి సీమల తెలుగువారు వేలసంఖ్యలో నుండిరి. చెరకుతోటలలో చెమటోడ్చిన ఆ తెలుగువారి సంతతి 1931లో అక్కడ తమకొక ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నది. మనవారు దేవరకొండలో కూడిన యేడే, మనవారు పెట్టుకొన్న పేరుతోనే, సముద్రముల కావల మరియొక ఆంధ్ర మహాసభ వెలసినది.

1948లో తెల్లవారి నేషనల్ పార్టీ అధికారమునకు వచ్చి వర్ణవివక్షను శాసనముగా కట్టిపెట్టిన తరువాత ఆ సంతతి పిల్లవాడు ఎంత బాగుగా ఆడినను దేశపు జట్టులో చేరుటకు వీలులేదు. మైదానములు వేరు, క్లబ్బులు వేరు, కూర్చుండు బల్లలు వేరు. 1963లో డర్బన్‌లో పాప్వా సెవ్‌గోలం అను భారతసంతతి గోల్ఫ్ క్రీడాకారుడు తెల్లవారినందరిని ఓడించి నేటాల్ ఓపెన్ గెలిచెను. కాని క్లబ్బు భవనములోనికి పోవుటకు అతనికి అర్హత లేదు. వానలో బయటనే నిలిచి కప్పునందుకొనిన ఆ దృశ్యపు ఛాయాచిత్రము దేశదేశముల పత్రికలలో వచ్చినది. 'ఆటలో రాజకీయములేల?' అనువారికి ఇంతకంటె జవాబు అక్కరలేదు. రాజకీయము గుమ్మమువద్ద కాపలా నిలిచియుండగా దానిని లేదనుట ఎట్లు?

దక్షిణాఫ్రికాపై మొదట చేయెత్తినది మన దేశమే. 1946లో అక్కడి భారతీయుల భూమిహక్కులను హరించు శాసనము రాగా, స్వాతంత్ర్యము ఇంకను చేతికి రాకమునుపే భారతదేశము ఆ దేశముతో వ్యాపారమును తెంచుకొని, ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసినది. ఆ యేడే నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు పల్లెనుండి ఒక యువకుడు చదువు కొరకు న్యూయార్కు చేరెను. ఆయన ఏనుగ శ్రీనివాసులురెడ్డి. 1924లో జన్మించిరి. తండ్రి స్వాతంత్ర్యోద్యమమున జైలుకు పోయినవారు. దక్షిణాఫ్రికానుండి సమితికి మొరపెట్టుకొనుటకు వచ్చిన ప్రతినిధులను ఆయన ఆ యేడే కలిసికొనిరి. 1949లో సమితి ఉద్యోగమున చేరిరి. 1962 నవంబరు 6న సర్వప్రతినిధిసభ వర్ణవివక్షకు వ్యతిరేకముగా ప్రత్యేక సంఘమును ఏర్పరుపగా, మరుసటి యేడు దానికి కార్యదర్శిగా నియమితులై, తరువాత వర్ణవివక్షా వ్యతిరేక కేంద్రమునకు డైరెక్టరుగా 1980ల వరకు ఆ పనినే జీవితముగా చేసికొనిరి. 2000లో భారత ప్రభుత్వము పద్మశ్రీని, 2013లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము ఆలివర్ టాంబో పేరిట నున్న తన గౌరవపురస్కారమును ఆయనకు ఇచ్చినవి. 2020 నవంబరు 1న అమెరికాలో కన్నుమూసిరి. మన బడిపుస్తకములలో ఈ తెలుగువాని పేరు కనబడుట అరుదు.

ఆటల బహిష్కారమునకు ఆయన కేంద్రము తయారుచేసిన పరికరము చూచుటకు చాల చిన్నది: ఒక పట్టిక. దక్షిణాఫ్రికాకు పోయి ఆడిన క్రీడాకారుల పేర్లను 1980నుండి ఆ పట్టికలో చేర్చి, 1981 మొదలు ప్రకటించుచు వచ్చిరి. శిక్ష విధించు అధికారము ఆ పట్టికకు లేదు. అయినను దానినిబట్టి అనేక దేశములు ఆ క్రీడాకారులను తమ గడ్డపై ఆడనిచ్చుటకు నిరాకరించినవి. ఇకమీదట పోనని మాట యిచ్చినవాని పేరును పట్టికనుండి తొలగించుచుండిరి. ఇందులోని న్యాయము గమనింపదగినది. పట్టిక ఎవనిని పుట్టుకనుబట్టి పట్టలేదు. చేసిన పనినిబట్టి పట్టినది. తప్పు దిద్దుకొనువానికి తలుపు మూయలేదు. 1985 డిసెంబరు 10న సమితి ఆటలలో వర్ణవివక్షకు వ్యతిరేకముగా అంతర్జాతీయ ఒడంబడికనే ఆమోదించినది.

బహిష్కారము ఖర్చు లేనిది కాదు. దాని ఖర్చు మన దేశము ఒకసారి పూర్తిగా చెల్లించినది. 1974లో విజయ్ అమృతరాజ్, ఆనంద్ అమృతరాజ్ సోదరుల బలముతో భారత టెన్నిస్ జట్టు కలకత్తాలో ఆస్ట్రేలియాను, పూనాలో రష్యావారిని ఓడించి డేవిస్ కప్పు అంతిమపోటీకి చేరినది. ఎదుట నిలిచినది దక్షిణాఫ్రికా. ఇందిరాగాంధీ ప్రభుత్వము ఆడరాదని నిశ్చయించినది. డేవిస్ కప్పు చరిత్రలో అంతిమపోటీ ఆడకయే కప్పు చేతులు మారుట అదియే మొదలు. మనకు 1966లో ఒకసారి, 1987లో ఒకసారి ఆ గడప దొరికినది, రెండుమార్లు ఓడితిమి. 1974 నాటి జట్టుకు గెలుపు అందుబాటులో నుండెను. యౌవనమున నున్న క్రీడాకారునకు అట్టి అవకాశము మరల రాదు. ఢిల్లీలో సంతకము చేసినవారు కోల్పోయినది ఏమియు లేదు. మైదానమున నిలువవలసినవారు కోల్పోయినది జీవితకాలపు కల. దీనిని చెప్పక బహిష్కారమును పొగడుట అన్యాయము. త్యాగమని మనము పిలుచుదానిని ఎవరు చేసిరో, ఎవరు చేయించిరో వేరువేరుగా గుర్తుంచుకొనవలెను.

ఈ ఆయుధము చిల్లులు లేనిదియు కాదు. 1981లో ఇంగ్లండు జట్టు మన దేశమునకు రావలసియుండగా, దక్షిణాఫ్రికాతో సంబంధమున్న జెఫ్రీ బాయ్‌కాట్, జెఫ్ కుక్ అను ఇద్దరి విషయమున అభ్యంతరము వచ్చినది. వర్ణవివక్షను తాము మెచ్చమని వారు చెప్పిన పిమ్మట మన ప్రభుత్వము రానిచ్చినది. నెలలు తిరుగకమునుపే, 1982లో, అదే బాయ్‌కాట్ దక్షిణాఫ్రికాకు పోయిన తిరుగుబాటు జట్టులో చేరెను. డబ్బు పిలిచినచోట మాట నిలుచుట కష్టము. తరువాతి యేడు వెస్టిండీసు క్రీడాకారులును కొందరు పోయిరి. ఇంటికి తిరిగివచ్చి జీవితాంత నిషేధమునకు లోనైరి. వారిలో పేదయిండ్లవారును కలరు. పేదవాని ఆశను ఎరవేసి పేదవానినే వంచించుట ఆ పాలన నేర్చిన విద్య.

ఇన్ని చిల్లులున్నను అది పనిచేసినది. ఎందుకు? నిజాము క్రికెట్‌కును దక్షిణాఫ్రికా రగ్బీకిని ఇక్కడనే భేదము. అక్కడి తెల్లవారికి రగ్బీ, క్రికెట్ ఆభరణములు కావు. తాము నాగరిక ప్రపంచములోనివారమను నమ్మకమునకు ఆధారములు. 1970లో ఒలింపిక్ సంఘము బహిష్కరించినది. ఆ యేడే క్రికెట్ ప్రపంచమును మూసివేసినది. తమ పిల్లలు ఎవరితోను ఆడలేని దేశములో తెల్లవాడు ప్రతి ఆదివారమును ఆ ఒంటరితనమును అనుభవించెను. వాణిజ్యపు ఆంక్షలు వర్తకునకు తెలియును. ఆటల ఆంక్ష ప్రతి యింటికిని తెలిసినది. వర్ణవివక్ష ఆటలవలననే కూలినదనుట అతిశయోక్తి; అక్కడి ప్రజల పోరాటమే దానిని కూల్చినది. ఆటలు దాని గర్వమును మాత్రము తగ్గించినవి. ఆ మాత్రమైనను చిన్నది కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. అది పీడితులే కోరిన వెలి. నల్లవారును, భారతీయులును, మిశ్రజాతివారును కలసిన వర్ణభేదరహిత క్రీడాసంఘములే 'మాతో కలసి ఆడనివారితో మీరును ఆడకుడు' అని ప్రపంచమును వేడినవి. అసహజమైన సమాజములో సహజమైన ఆట ఉండజాలదన్నది వారి వాదము. ఇది ద్రౌపదిని అడిగి చేసిన నిర్ణయము. మరియు దానికి ఒక హద్దుండెను: వివక్ష పోయిననాడు వెలియు పోవలెను. పోయినది కూడ. 1991 నవంబరు 10న కలకత్తాలో దక్షిణాఫ్రికా జట్టు తన వెలి ముగించుకొని మొదటి ఆట ఆడినది. ఎదుట భారతజట్టునకు నాయకుడు మన హైదరాబాదు అజహరుద్దీన్. మరుసటి యేడు నవంబరులో అదే అజహరుద్దీన్ నాయకత్వమున మన జట్టు డర్బన్‌లో టెస్టు ఆడినది. ట్రూరో ఓడ ఆ రేవునకు చేరిన 132 సంవత్సరములకు ఆ ఊరి మైదానమున భారతజట్టు నిలిచినది. ఆ ఆటలో దక్షిణాఫ్రికా పక్షమున ఒమర్ హెన్రీ అను తెల్లవాడు కాని క్రీడాకారుడు టెస్టు జట్టులో స్థానము పొందెను. మొదట తలుపు మూసిన దేశమే మొదట తలుపు తెరచుట మన దేశమునకు గౌరవము.

అయితే ప్రతి దుష్టప్రభుత్వముపైనను ఇదే మందు ప్రయోగింపవచ్చునా? పోయి, ఆడి, అక్కడనే నిజము చెప్పుట మేలైన సందర్భములును కలవు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినవి. ఇండొనీషియా ప్రభుత్వము ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయలేదు. ఇట్టివానిని ఆసియా క్రీడలని పిలువరాదని మన గురుదత్ సోంధీ అభ్యంతరము చెప్పిరి. జనము రెచ్చిపోయి సెప్టెంబరు 3న భారత రాయబార కార్యాలయముపై పడిరి. మరునాడు ఫుట్‌బాల్ అంతిమపోటీ. లక్షమంది గేలిచేయుచుండగా, హైదరాబాదు ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన జట్టు దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి బంగారు పతకము గెలిచినది. రహీం అప్పటికే కాన్సరుతో బాధపడుచుండిరి. మరుసటి జూనులో మరణించిరి. ఆ దినమున మన జట్టు ఇల్లు చేరియున్నచో పతకము పోయెడిది; చెప్పిన నిజమునకు బలమేమియు పెరిగెడిది కాదు. చెప్పవలసినది చెప్పి, ఆడవలసినది ఆడుట అక్కడ తగినది.

నేటి కాలమున ఈ ధర్మసంకటము ఆఫ్ఘనిస్తాను రూపమున మన ముందున్నది. 2020 నవంబరులో అక్కడి క్రికెట్ బోర్డు 25 మంది స్త్రీలకు ఒప్పందములిచ్చినది. 2021 ఆగస్టులో తాలిబాన్లు గద్దెనెక్కిరి. స్త్రీలకు ఆట పోయినది, బడి పోయినది, ఉద్యోగము పోయినది. ఆ క్రీడాకారిణులలో చాలమంది ఆస్ట్రేలియాకు శరణార్థులై చేరిరి. పురుషుల జట్టు మాత్రము ప్రపంచమంతట ఆడుచునే యున్నది. ఆస్ట్రేలియా ఆ జట్టుతో ఇరుదేశముల పోటీలను 2021లోను, 2023లోను, 2024లోను మానుకొన్నది. ప్రపంచకప్పులో ఎదురైనప్పుడు మాత్రము ఆడినది. 2025 ఫిబ్రవరిలో ఆఫ్ఘనిస్తానుతో ఆడవద్దని బ్రిటిషు పార్లమెంటు సభ్యులు అనేకులు కోరినను ఇంగ్లండు లాహోరులో ఆడి ఓడినది. మానిన ఆటలు లాభము తక్కువవి, మానని ఆటలు లాభము ఎక్కువవి అయినప్పుడు ధర్మముపై అనుమానము కలుగుట సహజము.

ఇక్కడ బహిష్కారమే న్యాయమని తొందరపడి చెప్పవచ్చునా? అక్కడి జట్టులోని రషీద్ ఖాన్ 2017నుండి 2021 వరకు హైదరాబాదు సన్‌రైజర్స్ పక్షమున ఆడి మనవారి అభిమానమును పొందినవాడు. స్త్రీలకు వైద్యవిద్యను మూసివేసినప్పుడు, 2024 డిసెంబరులో, తన దేశపు పాలకుల నిర్ణయము తప్పని అతడు బహిరంగముగా చెప్పెను. తెల్ల దక్షిణాఫ్రికా జట్టు వివక్షవలన లాభము పొందినది. ఈ జట్టులోనివాడు ఆ వివక్షను ఎదిరించి మాటాడెను. అతని నోరు మూయించినచో సంతోషించువారెవరు? అంతకంటె ముఖ్యము, వెలివేయబడిన ఆ స్త్రీలు ఏమి అడిగిరి? 2024లో వారిలో 17 మంది అంతర్జాతీయ క్రికెట్ మండలికి లేఖ వ్రాసిరి. పురుషుల జట్టును ఆపుమని ఆ లేఖలో లేదు. తమకు శరణార్థుల జట్టుగా ఆడు అవకాశము కల్పింపుమని యున్నది. 2025 జనవరిలో వారు మెల్బోర్న్‌లో ఒక ప్రదర్శనపోటీ ఆడిరి. ఆ యేడు ఏప్రిలులో మండలి వారికి సహాయము చేయుటకు ఒక నిధిని ప్రకటించినది. వారు అడిగినది బహిష్కారము కాదు, స్థానము. పురుషుల జట్టును ఆపుట సులభము. ఆ స్త్రీలకు జెర్సీ, మైదానము, ప్రత్యర్థిని ఇచ్చుట కష్టము. సులభమైనదానిని చేసి ధర్మము చేసితిమనుకొనుట మన బలహీనత.

పుట్టుకనుబట్టి వెలివేయుటయు తప్పే. ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తిన 2022లో వింబుల్డన్‌వారు రష్యా, బెలారస్ క్రీడాకారులనందరిని రానీయలేదు. వారిలో యుద్ధమును మెచ్చనివారును ఉండవచ్చును. మరుసటి యేడు నిబంధనలతో రానిచ్చిరి. జెండాక్రింద దేశప్రతినిధిగా ఆడు జట్టును ఆపుట ఒకటి. తనకొరకు తాను ఆడు మనిషిని, అతడు పుట్టిన ఊరినిబట్టి ఆపుట మరొకటి. శ్రీనివాసులురెడ్డిగారి పట్టికలోని వివేకము ఇక్కడ లోపించినది.

'ఏ దేశము నిష్కళంకము? మనము మాత్రము పవిత్రులమా?' అని అడుగువారును కలరు. అడుగవలసిన ప్రశ్నయే. నూరేండ్లక్రిందట పాల్వంకర్ బాలూ అను దళిత క్రికెట్ వీరుడు పూనాలో తన జట్టువారితో కలసి ఆడెను. చాయ మాత్రము అతనికి వేరే పాత్రలో, వేరుగా ఇచ్చిరి. పాప్వా సెవ్‌గోలంపై కురిసిన వాన మన ఊళ్ళలోను కురిసినది. నేడును మన గ్రామములలో ఏ బాలుడు ఏ మైదానమునకు రాగలడో, ఏ బాలిక చీకటిపడకమునుపే ఆట మానుకొని ఇంటికి పోవలసియుండునో మనకు తెలియును. కాని ఈ ప్రశ్న నోరు మూయుటకు కాక, కన్ను తెరచుటకు వాడవలెను. ఇంట తప్పున్నవాడు పొరుగుతప్పును చూడరాదన్నచో లోకమున ఏ తప్పును ఎవరును చూడజాలరు. ఇంటిని ఊడ్చుకొనుచునే పొరుగువాని మొర వినవలెను.

ఇంతవరకు నడచిన చరిత్రనుండి నాలుగు ప్రశ్నలు తేలుచున్నవి. అన్యాయము ఆటలోనికే వచ్చినదా, లేక ఆటకు వెలుపల నున్నదా? పీడితులు ఏమి కోరుచున్నారు? మన వెలి పీడకునకు తగులునా, లేక పీడితునకో, నిర్దోషియైన ఆటగానికో తగులునా? అది ముగియుటకు ఒక షరతు స్పష్టముగా నున్నదా? దక్షిణాఫ్రికా విషయమున నాలుగింటికిని జవాబు వెలి పక్షముననే యుండెను. అటువంటి సందర్భము చరిత్రలో అరుదు. తక్కినచోట్ల ఏ ప్రశ్నకు జవాబు లేదో ఆ ప్రశ్నయొద్దనే ఆగి ఆలోచింపవలెను. రెండు రాజ్యముల నడుమ వైరమునుబట్టి ఆడుట, మానుట ఈ లెక్కలోనికి రాదు, అది రాజనీతి. ఇది ప్రజల కన్నీటి లెక్క.

ఈ నాలుగింటిలో ఒక్కదానినే ఎన్నుకొనుమన్న రెండవదానినే ఎన్నుకొనవలెను. మన తాలూకాల ప్రజలు 1946నుండి 1951 వరకు వెట్టికి, భూమికి పోరాడినప్పుడు బయటివారు వారికి మేలుచేయదలచి ఏమేమో చెప్పిరి. వారిని అడిగినవారు తక్కువ. డర్బన్ చెరకుతోటల సంతతి తమకేమి కావలెనో తామే చెప్పినది గనుక ప్రపంచము వినగలిగినది. మెల్బోర్న్‌లోని ఆఫ్ఘను స్త్రీలును చెప్పుచున్నారు. టీవీ ముందు కూర్చుండిన మనకు ఆటను నిలుపు శక్తి లేదు. కాని మన చూపునకు వెలయున్నది. ఆ చూపును అమ్ముకొనుటకే కప్పులు, హక్కులు, ప్రకటనలు ఏర్పడినవి. పరుగుల లెక్కతోపాటు ఆ స్త్రీలకు జట్టు ఎప్పుడని ఒక్కసారి అడిగినను, సంఘములును పత్రికలును వినవలసివచ్చును. సభలో ద్రౌపది ప్రశ్న వేసినప్పుడు పెద్దలందరు తలలు వంచుకొనిరి. ఇప్పుడు ఆ సభలో కూర్చున్నవారము మనము.